రంగులాయన రెండు నిచ్చెనలు

రంగులాయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆరోజు ఆయన బడి కిటికీలకు రంగు వేస్తుంటే, లోపల టీచరమ్మ ఇంగ్లీషు వాక్యాల పాఠాన్ని మూడోసారి మొదటినుంచి ఎత్తుకుంది. "వాన పడినప్పుడు" అనేది డిపెండెంట్ క్లాజట, "మేం లోపలికి పరిగెత్తాం" అనేది ఇండిపెండెంటట. పిల్లలు తెల్లమొహాలు వేశారు. ఉండబట్టలేక రంగులాయన తన నిచ్చెనలు రెండూ మోసుకుని, అడగనైనా అడగకుండా లోపలికొచ్చాడు.

మడత నిచ్చెన కాళ్ళు చాపి గది మధ్యలో నిలబెట్టాడు.

"చూడండర్రా, ఇది ఎవరి సాయం లేకుండా నిలబడింది. మీ 'పరిగెత్తాం' ఇదే."

రెండోది గోడకు ఆనించే నిచ్చెన, దాన్నీ అక్కడే నిలబెట్టి వదిలాడు. అది ముందు బెంచీ మీదికి ఒరుగుతుంటే ఒడిసి పట్టుకున్నాడు.

"ఇది 'వాన పడినప్పుడు'. పడినప్పుడు ఏమైందో చెప్పే గోడ కావాలి దీనికి."

పిల్లలకు ఇట్టే తలకెక్కింది. టీచరమ్మ కూడా నవ్వేసింది.

సాయంత్రం ఈ గొప్పంతా పెళ్ళాం చెవిన వేశాడు.

"మరి మనింట్లో నువ్వు ఏ నిచ్చెన?" అందామె, బట్టలు మడతపెడుతూ.

"అడగాలా, మడత నిచ్చెననే" అన్నాడు రంగులాయన, పక్కన కూర్చుని ఆమె భుజానికి ఆనుకుంటూ.