రేవు ఊరు, పడమటి ఊరు

మొన్న శుక్రవారం చర్చిలో ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చి ఇంకా చెప్పులైనా విప్పకముందే, మా కింది అంతస్తులో ఉండే నర్సమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. మాల్టాలో ఉద్యోగం ఖాయమైందట. రెండు పల్లెలు చూపిస్తున్నారట, ఎందులో ఇల్లు తీసుకోవాలో తేలడం లేదట. "మీ అక్కగారు ఆ దేశంలోనే కదా ఆంటీ, మీరే చెప్పండి," అంది. ఫోటోల్లో రెండు పల్లెలూ ఒకేలా ఉన్నాయి. బెల్లం పాకం రంగు రాతిగోడలు, సన్నటి వీధులు, ఇళ్ళన్నిటి మీదా తలెత్తి చూస్తున్న చర్చి గుమ్మటం. కువైట్‌లో, ఈ రిగ్గైలో ఇన్నేళ్ళ కాపురంలో ఏసీ చప్పుడు తక్కువ వినిపించే గది తప్ప ఇంకేదీ ఎంచుకుని ఎరగని నన్ను ఊళ్ళ గురించి సలహా అడుగుతున్నందుకు మా ఆయన లోపల నవ్వుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లకి టీ ఇచ్చి, ఆలోచించి చెబుతానని పంపేశాను. అప్పటినుంచీ అక్కే గుర్తొస్తోంది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నర్సాపురం దగ్గర, సముద్రపు గాలికి తలుపుల గొళ్ళాలు తుప్పు పట్టే ఊరు మాది. అక్క పెళ్ళైన ఏడాదికే కువైట్ వచ్చి ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటి పెద్దావిడ, అక్క మామా అని పిలిచే ఆవిడ, అక్క చెయ్యి పట్టుకోకుండా స్నానాలగదికి కూడా వెళ్ళేది కాదు. బావ మరికొన్నాళ్ళకి వచ్చి, ఊరికి దూరంగా కబ్ద్‌లో ఒక తోటలో చేరాడు. ఈవిడ ఉండేది వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ గారి మేడమీది గదిలో, ఆయన ఉండేది మేకల దొడ్డి పక్కన రేకుల గదిలో. మొగుడూ పెళ్ళాం కలుసుకునేది శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో. అది కూడా మామాకి ఒంట్లో బాగుంటేనే, తోట యజమానికి చుట్టాలు రాకపోతేనే. పిల్లలు కలగలేదు. కలగడానికి తీరికేదీ అని అక్క నవ్వేది. ఆ నవ్వుని మేమెవరం పొడిగించేవాళ్ళం కాదు. బావ వచ్చినప్పుడల్లా జర్జీర్ ఆకు కట్టలు తెచ్చేవాడు. అరబ్బులు పచ్చిగా నమిలే ఆ ఘాటు ఆకుతో ఆయన పప్పు వండేవాడు. మా ఆయన తోడల్లుడన్న గౌరవం కొద్దీ దాన్ని మారు వడ్డించుకునేవాడు. తర్వాత సాయంత్రం దాకా నీళ్ళు తాగుతూ ఉండేవాడు.

మామా ఒక వేసవిలో అక్క ఒళ్ళో తల పెట్టుకునే పోయింది. పెద్దకొడుకు మర్యాదగానే మాట్లాడాడు కానీ, ఇక ఇంట్లో పని లేదు గనక ఇక్కడ ఉండడానికి కావలసిన ఇఖామా కాగితం మళ్ళీ చేయించనన్నాడు. ఊరెళ్ళిపోతారనే అనుకున్నాం. ఇంతలో చర్చిలో తెలిసినావిడ ద్వారా మాల్టా సంగతి వచ్చింది. వృద్ధాశ్రమాలు నడిపే వాళ్ళెవరో భార్యాభర్తలిద్దరికీ పని ఇస్తామన్నారు, అక్కకి ముసలివాళ్ళని చూసుకునే పని, బావకి వంటగదిలో. ఆశ్రమాలు రెండున్నాయి, ఏ ఊరు కావాలో చెప్పమన్నారు. ఒకటి మార్సాష్లోక్ అనే రేవు ఊరు. అక్కడ పనివాళ్ళకి గదులు వాళ్ళే ఇస్తారు, ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు. రెండోది పక్కనున్న చిన్న దీవిలో, పడమటి కొసన ఉన్న ఆర్బ్. ఆ పేరుకి అర్థమే పడమర అట. అక్కడ గదులివ్వరు, ఊళ్ళో ఇల్లు అద్దెకి వెతుక్కోవాలి.

ఆ శుక్రవారం మా సోఫాలో కూర్చుని అక్క రేవు ఊరి ఫోటోలే తిప్పితిప్పి చూసింది. రంగురంగుల పడవలు, వాటి ముక్కుల మీద రెండేసి కళ్ళు గీసి ఉన్నాయి. "పడవకి కళ్ళేంటే, దారి అదే చూసుకుంటుందా," అని ముచ్చటపడింది. సముద్రం పక్కన పుట్టిన మనిషి కదా, సహజమే అనుకున్నాను. బావ మాత్రం ఆర్బ్‌లో ఒక ఇల్లు చూపించాడు. రెండు గదులు, వెనక రాతిగోడల మధ్య కాసింత నేల. "ఇక్కడ చిక్కుళ్ళు పెట్టొచ్చు," అన్నాడు. అక్క ఫోటో వైపైనా చూడకుండా, "అద్దె దండగండీ. ఊరికే ఇచ్చే గదులుండగా మనకెందుకు?" అంది. బావ ఆకు కడగడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

నేను ఊరుకోలేకపోయాను. "ఇన్నేళ్ళూ వేరేగా ఉన్నది చాల్లేదా? అక్కడ కూడా ఆడవాళ్ళ గదిలో పడుకుంటావా?" అన్నాను. అక్క పైటకొంగు మెలిపెట్టింది. తర్వాత మెల్లగా, "నాకు భయంగా ఉందే," అంది. "శుక్రవారం నాలుగు గంటలంటే ఏదో ఒకటి మాట్లాడతాను. రోజూ, పొద్దున లేచిందగ్గర్నుంచీ అదే మనిషి ఎదురుగా ఉంటే ఏం మాట్లాడను? మామాకి పొద్దున్న ఏ మందు, రాత్రి ఏ మందు, అన్నీ తెలుసు నాకు. ఆయనకి చాయ్‌లో ఎంత చక్కెరో తెలీదు. ఇప్పుడు ఒకింట్లో ఉండి, నేను ఆయనకి నచ్చకపోతే?"

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఎప్పుడు ఆగిందో మేం గమనించలేదు. బావ తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అక్క తల దించుకుంది. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను గానీ, ఆయన గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు.

"నాకూ భయమే," అన్నాడు. "ఆ రేకుల గదిలో మేకలతో తప్ప మాట్లాడ్డం మర్చిపోయాను. అయినా సరే, ఓసారి ఉండి చూద్దాం. నచ్చకపోతే రేవు ఊరికే పోదాం. నేనడ్డం రాను."

అక్క వెళ్ళబోయే ముందు, "ఆ ఇంటికి కుళాయి లోపలేనా, బయటా?" అని అడిగింది. బావ ఫోను తీసి మళ్ళీ మొదటినుంచీ చూపించాడు.

ఆర్బ్ వెళ్ళిన కొత్తలో రోజూ ఫోను చేసేది. ఆ ఊరి మాటల్లో సగం మామా ఇంటి వంటగదిలో విన్నవేనట. తలుపు అరబ్బీలో బాబ్ అయితే అక్కడ బీబ్ అట, రొట్టె పేరు కూడా దాదాపు అరబ్బీదే. మొదటి ఆదివారం చర్చిలో ఫాదరుగారు దేవుణ్ణి అల్లా అని పిలుస్తుంటే అక్క ఉలిక్కిపడి పక్కవాళ్ళ మొహాలు చూసిందట. అందరూ మామూలుగానే మోకరించి ఉన్నారు. దెబ్బలాటల సంగతులు కూడా చెప్పేది. "ఆయనకి కిటికీ తెరుచుకుని పడుకోవాలే, నాకేమో మూసెయ్యాలి. ఇన్నేళ్ళ పెళ్ళిలో నాకీ సంగతే తెలీదు చూడు," అంది ఒకసారి. చాడీ చెబుతున్నట్టు మొదలుపెట్టింది గానీ గొంతులో ఏదో గర్వం ఉంది. ఫోన్లు తగ్గాయి. వారానికోటి, తర్వాత నెలకోటి. మాట్లాడే మనిషి ఇంట్లోనే దొరికాడని నేను సంతోషించాను.

మూడో చలికాలంలో ఒక పొద్దున్న, ఆశ్రమం వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ బావ కూలిపోయాడు. గుండె. ఆ ఊరి సమాధుల తోటలోనే, సున్నపురాతి పలక కింద ఉంచారు. మేం వెళ్ళలేకపోయాం, మా ఆయన ఫోనులోనే ప్రార్థన విన్నాడు. వారం తిరక్కుండా ఆశ్రమం వాళ్ళు దయతోనే కబురు చేశారు, రేవు ఊరికి మారితే గది ఇస్తామని, తోటి ఆడవాళ్ళుంటారు గనక ఒంటరితనం ఉండదని. నేనూ అదే మాట అన్నాను. ఎంత చెప్పినా, "చూద్దాంలే," అనే అంది. చివరికి నేను గట్టిగా అడిగితే, "అక్కడికెళ్తే మళ్ళీ పనిమనిషి గదేనే," అంది. "ఆ గదిలో నేను చాలా ఏళ్ళున్నాను. ఇక్కడైతే పొద్దున్నే లేచి చాయ్ పెట్టుకుంటాను. చెయ్యి అలవాటుకొద్దీ రెండు గ్లాసులు తీస్తుంది. తియ్యనీ. ఇది నా ఇల్లు." ఆ తర్వాత నేనెప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు. ఆవిడ ఇప్పటికీ అక్కడే ఉంది. ఇక ఆ నర్సమ్మాయికి ఏ ఊరని చెప్పను?

కాలం ఎవరికీ కొలిచి ఇవ్వదు. ఇచ్చిన ఏళ్ళలో చాలావాటిని మనకి తెలియకుండానే వెనక్కి తీసుకుంటుంది, నిజంగా బతికిన కొన్నాళ్ళని మాత్రం వదిలిపెడుతుంది. ఆ కొన్నాళ్ళూ ఎక్కడ గడిచాయో, చివరికి అదే మన ఊరని చెప్పుకుంటాం.