కాక గీసిన ప్లాను మీద నా సంతకం

ఆర్కిటెక్చర్ ఐదేళ్లూ చదివాక నాకు ఒక్క పేపరు మిగిలిపోయింది. స్ట్రక్చర్స్, అంటే కట్టడం బరువును ఎలా మోస్తుందో చెప్పే లెక్కలు. మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాను. అది పాసైతేనే డిగ్రీ, డిగ్రీ చేతికొస్తేనే ఆర్కిటెక్టుగా రిజిస్ట్రేషన్. అప్పటిదాకా ఖాళీగా ఉండలేక సికింద్రాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో ట్రైనీగా చేరాను.

అక్కడ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా ఒకాయన ఉండేవాడు. యాభై దాటిన మనిషి. ఆఫీసంతా ఆయన్ని కాకా అనే పిలిచేది. ఆ ఆఫీసు కట్టించిన ప్రతి ఇల్లూ ముందు ఆయన చేతిలోనే రూపు కట్టింది. సంతకం మాత్రం ఆఫీసు నడిపే ఆర్కిటెక్టు, మా సార్‌ది.

ఇక పరీక్ష రాయనని నేను ఏడ్చిన రోజు కాక కుర్చీ జరుపుకుని వచ్చాడు.

"ఏందీ బిడ్డా, గింత దానికే పరేషాన్ అయితవా? రేపటి సంది జల్ది బువ్వ తిని అరగంట నా దగ్గర కూసో."

మర్నాడు రెండు టిఫిన్ డబ్బాల మధ్య స్టీలు స్కేలు పెట్టి, వేలితో నొక్కి, "యాడ వంగుతున్నదో చూడు" అన్నాడు. పుస్తకం చదివి ఎన్నడూ అర్థం చేసుకోలేనిది ఆ స్కేలు చూసి అర్థం చేసుకున్నాను.

ఇంత తెలిసినవాడు డ్రాఫ్ట్స్‌మన్‌గానే ఎందుకు ఉండిపోయాడని ఒకరోజు అడిగేశాను.

"నేను సుత చదివిన. గీ పేపరే పోయింది. ఇల్లు నడవాలని పనిల పడ్డ. సమజయ్యేటాలకు గడువు దాటింది, మల్ల రాయనియ్యలే" అని డబ్బా సర్దుకున్నాడు.

నేను పాసయ్యాను. కొన్ని నెలలకు రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా నాన్న కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. కాక మైసూర్‌పాక్ తెచ్చి ఆఫీసంతా తానే పంచాడు.

నా మొదటి సంతకం యాప్రాల్‌లో ఒక ఇంటి ప్లాను మీద. గీసింది కాక. మెట్లను పడమటి గోడకు జరిపి ఇంటి నడుమకు వెలుతురు తెచ్చింది ఆయనే. ఆ ఇంటావిడ ప్లాను చూసి ముచ్చటపడింది.

"మెట్లు అక్కడ పెట్టాలని మీకెలా తోచిందండీ?"

కాక నా వెనకే కాగితాలు చుడుతూ నిలబడి ఉన్నాడు. మా సార్ నా వైపు చూశాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

మర్నాటి నుంచి కాక నన్ను మేడం అనసాగాడు. బిడ్డా అనమని బతిమాలాను.

"ఆఫీసుల పద్ధతి ఉండాలె మేడం."

కోపంగా అని ఉంటే బాగుండేది. నెల తిరక్కుండా ఆయన పని మానేశాడు.

ఒక ఆదివారం కాప్రాలో వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లింది. తప్పయిందన్నాను.

"నువ్వు అబద్ధం జెప్పలే బిడ్డా. ఊకున్నవ్, అంతే" అన్నాడు. "తక్లీఫ్ నాది. ఇన్నేండ్లు సార్ సంతకం పెడితే నాకేం అనిపియ్యలే. నేను నేర్పిన పిల్ల పెట్టినంక, నేనేం పోగొట్టుకున్ననో గప్పుడు కనవడ్డది."

చల్లారిన చాయ్ తాగి లేచాను.

ఆయన మళ్లీ గీయలేదు. బావమరిది సిమెంటు దుకాణంలో కూర్చుంటున్నాడని తర్వాత తెలిసింది. యాప్రాల్ ఆవిడకు నేను ఫోన్ చేసి, ఆ మెట్లు ఎవరి ఆలోచనో చెప్పాను.

"అలాగా" అందావిడ. "ఎవరైతేనేం లెండి, బాగా కుదిరింది. గృహప్రవేశానికి మీరు తప్పకుండా రావాలి."

నేను వెళ్లలేదు.