రొద్దం అవ్వ కన్ను డిలీట్ చేయను

ఈ రోజు రొద్దంలో కంటి పరీక్షల క్యాంపు. షుగర్ వల్ల కంటి లోపల తగిలే దెబ్బను ఫొటో చూసి కంప్యూటరే పట్టేసేలా చేయడం నా పీహెచ్‌డీ పని.

గొర్రెలను పక్కింటామెకు అప్పజెప్పి ఒక అవ్వ వచ్చింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. మూడుసార్లు తీసినా ఫొటోలో తెల్లటి మసకే. అలాంటివి ఉంటే మా ప్రోగ్రాం యాక్యురసీ పడిపోతుందని గైడ్ సార్ ఎప్పుడూ డిలీట్ చేయమంటారు.

"ఫొటో సరిగ్గా పడలేదవ్వా. మాకు పనికిరాదు, నువ్వింక పోవచ్చు" అన్నాను.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. "బాగుండే కండ్లే కావల్లంటే మీ కాలేజీలోనే తీసుకోవచ్చు గదమ్మా. ఈడిదాకా ఎందుకు వస్తిరి?"

ల్యాప్‌టాప్‌లో, డిలీట్ చేయాల్సినవి వేసి 'పనికిరావు' అని నేనే పేరు పెట్టిన ఫోల్డర్ తెరిచాను. పెనుకొండ, ధర్మవరం క్యాంపుల్లో తీసినవి కూడా అందులోనే ఉన్నాయి. వయసు చూస్తే దాదాపు అందరూ ఈ అవ్వ ఈడువాళ్ళే.

క్యాంపు డాక్టరుతో ఆపరేషన్‌కు చీటీ రాయించి ఆమె చేతిలో పెట్టాను. తర్వాత సార్‌కు ఫోన్ చేసి చెప్పేశాను. "వీటిని డిలీట్ చేయను సార్. చూడలేకపోతే చూడలేనని మన ప్రోగ్రాం ఒప్పుకోవాలి, వాళ్ళను డాక్టరు దగ్గరికి పంపాలి."

"యాక్యురసీ పడిపోయి జర్నల్ నుంచి పేపర్ వెనక్కొస్తే?"

"రానీండి సార్."

సార్ ఫోన్ పెట్టేశారు. నేను హిందూపురం బస్సులో కూర్చుని ఫోల్డర్ పేరు 'ముందు చూడాల్సినవాళ్ళు' అని మార్చేశాను.

తప్పు చేశానంటారా? కామెంట్లో చెప్పండి. కాకపోతే ముందు రొద్దం పోయి, ఆ అవ్వ అడిగినదానికి జవాబు చెప్పి రండి.