ఏ రాడ్‌కూ లొంగని క్లచ్ పెడల్

నాందేడ్‌లో దేగ్లూర్ నాకా కూడలి దగ్గర వెల్డింగ్ షాపు పెట్టి అప్పటికి నాలుగేళ్లు. డెబ్బైల మొదటి రోజులు. కిటికీ గ్రిల్లులు, లారీ బాడీలు అతికించీ అతికించీ, ఇనుమంటే నాకు అంతా తెలుసనే ధీమా వచ్చేసింది.

ఒక ఉదయం కాన్పులు చేసే డాక్టరమ్మ తన పాత కారు తెచ్చింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆవిడ ఎడమ కాలు సన్నబడి, పొట్టిగా ఉండిపోయింది. క్లచ్ అందక, పెడల్‌కు ఒక చెక్కముక్క తాడుతో కట్టుకుని నడిపేది. ముందురోజు రైల్వే గేటు దగ్గర ఆ చెక్క జారి, కారు ఒక్కసారిగా ముందుకు దూకి ఎడ్లబండికి తగిలిందట.

"తమ్మీ, ఈ పెడల్‌కు నాలుగు వేళ్ల ఎత్తు ఇనుము అతికియ్యి. జర గట్టిగుండాలె," అంది.

"గదెంత పని డాక్టరమ్మా! పొద్దుగూకే లోపల ఇస్త."

పెడల్ ఊడదీసి, రోజూ వాడే మామూలు వెల్డింగ్ రాడ్‌తోనే ఉక్కు ముక్క అతికించాను. అతుకు చూడముచ్చటగా వచ్చింది. చల్లారనిచ్చి చాయ్ తాగుతుంటే, టిక్కుమని చప్పుడు. వెళ్లి చూశాను. అతుకు అతుకులాగే ఉంది. దాని పక్కన, పెడల్ మీద వెంట్రుకంత చీలిక. సుత్తితో మెల్లగా తట్టగానే రెండు ముక్కలైంది.

నాకేమీ అర్థం కాలేదు. ముక్కలు పట్టుకుని సామాన్ల దుకాణం సేఠ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన విరిగిన చోటు చూసి, "హే బీడ్ ఆహే. నికెల్చా రాడ్ లావా," అన్నాడు. అంటే ఇది పోత ఇనుము, నికెల్ రాడ్ పెట్టు అని. ఆ రాడ్ హైదరాబాదు నుంచి రావాలట.

తిరిగొచ్చి ముక్కను సానరాయికి ఆనించాను. పోత ఇనుమైతే రవ్వలు ఎర్రగా, పొట్టిగా రాలిపోవాలి. ఇవి పొడుగ్గా ఎగిరి, ఉక్కు రవ్వల్లాగా చివర చిట్లుతున్నాయి. డ్రిల్లు పెట్టి చూశాను. పొడి రాలలేదు, చుట్టలు తిరిగిన పొట్టు వచ్చింది. విరిగిన చోటేమో పోత ఇనుములా గరుకుగా ఉంది. ఒకే ముక్క ఒక పరీక్షలో ఉక్కు, ఇంకో పరీక్షలో బీడు.

పక్క షాపులో గ్యాస్ వెల్డింగ్ చేసే ముసలి చాచా, ముక్కను వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "న యే లోహా హై, న బీడ్. పీతల్ సే జోడో మియా," అన్నాడు.

ఇనుము కాదు, బీడు కాదు, ఇత్తడితో అతికించమంటాడు! ఇనుమే కానిదానికి ఇత్తడి ఎట్లా పడుతుందో అడిగితే, నవ్వి, తన గ్యాస్ గొట్టం నా చేతికిచ్చాడు.

చాచా గ్యాస్ మంట మీదే ఇత్తడి కరిగించి అతికించాను. ఈసారి టిక్కుమనలేదు. అతుకు బంగారంలా మెరిసింది. దాని మీద ఎక్కి నిలబడ్డాను, విరగలేదు. అయినా మనసు ఒప్పుకోలేదు. నేను నిలబడింది ఒక్కసారి. ఆవిడ రోజుకు వందసార్లు తొక్కుతుంది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. సంగతంతా చెప్పాను.

"ఇప్పుడిది ఉంటదా, విరుగుతదా?"

ఉంటదని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆవిడ సన్నని కాలు చూశాను.

"నాకు తెల్వదు డాక్టరమ్మా. ఇది ఏం ఇనుమో గూడ నాకు తెల్వదు."

కోప్పడుతుందనుకున్నాను. స్టూలు మీద కూర్చుని పెడల్‌ను తిప్పి తిప్పి చూసింది. "ఇంతమంది చూసినంక రోగి బతుకుతడా తమ్మీ? పోనియ్యి. నీకు తెల్సిన ఇనుము లేదా? దాంతోని కొత్తది చెయ్యరాదా?"

రోజంతా ఏ రాడ్, ఏ రాడ్ అని తిరిగిన నాకు, పెడల్‌నే మార్చవచ్చన్న సంగతి తట్టనేలేదు. సిగ్గేసింది. తేలికపడ్డాను కూడా.

మరునాడు సేఠ్ దుకాణం నుంచి మెత్తటి ఉక్కు కడ్డీ తెచ్చుకున్నాను. కమ్మరి దాన్ని కొలిమిలో వంచి ఇచ్చాడు, లేతు పని చేసే మిత్రుడు కొసన రంధ్రం తొలిచాడు. నాలుగు వేళ్ల ఎత్తు పెట్టి, మామూలు రాడ్‌తోనే పాదం ఆనే ఇనుప పట్టీ అతికించాను. రాత్రంతా చల్లారనిచ్చినా ఏ చప్పుడూ లేదు. తెల్లారి కారుకు బిగించాక ఆవిడ కూర్చుని తొక్కి, "ఒక వేలు తగ్గించు," అంది. తగ్గించాను.

పరీక్షకని కారులో ఆవిడ పక్కన కూర్చున్నాను. నాకా దాటకముందే ఒకాయన సైకిలు అడ్డం పెట్టి, ఉమ్రి దారిలో వాళ్ల ఊళ్లో కోడలికి నొప్పులొస్తున్నాయని ఏడ్చాడు. డాక్టరమ్మ నన్ను దిగమననూ లేదు, ఆగనూ లేదు. దారి పొడుగునా నా చూపు రోడ్డు మీద లేదు, ఆవిడ పాదం కింద ఉంది. గేరు మార్చిన ప్రతిసారీ చెవులు రిక్కించాను, ఒక్కసారీ టిక్కుమనలేదు.

ఆ ఇంటి అరుగు మీద ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఆడపిల్ల. నడువు తమ్మీ, నీ షాపు తెరిసే ఉన్నది," అంది.

పాత పెడల్ ఏ లోహమో తర్వాత చాలామందిని అడిగాను. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు.