ఫ్రిజ్ బాగయ్యాక ఫోన్ రాలేదు

అది 2023, మే నెల. జనగామలో ఒక అద్దె గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. హిందూ మహాసముద్రంలోని ద్వీప దేశాల్లో టీకాల ఫ్రిజ్‌లు మొరాయిస్తే, ఫోన్‌లో చూస్తూ అక్కడివాళ్ల చేత బాగుచేయించడం నా ఉద్యోగం. మా ఊరు నర్సింహులపేటలో ఎవరికి చెప్పినా నవ్వేవారు. "నువ్వు ఎన్నడన్న సముద్రం జూసినవా రా?" అని. చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. పొద్దంతా సముద్రం అవతలివాళ్లతో మాట్లాడేవాణ్ణి గానీ ఎదురింటాయన పేరు కూడా తెలియదు. ఎవరి మీదో తెలియని కోపం ఒకటి ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది.

ఒకరోజు మారుమూల దీవి నుంచి ఒక నర్సు ఫోన్ చేసింది. ఇద్దరం ఇంగ్లీషుతో తంటాలు పడుతుంటే మధ్యలో ఆమె, "అయ్యో, గిది ఎట్ల చెప్పాలె" అని గొణిగింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఏ ఊరు చెల్లె మీది?"

"ఘనపూర్ అన్న! భూపాలపల్లి దిక్కు. అయ్యో, నువ్వు మనోడివేనా!" అంటూ ఏడ్చినంత పని చేసింది.

పేరు స్వరూప. కాంట్రాక్టు మీద పోయింది. ఆ దీవి మొత్తానికి ఆమె ఒక్కతే నర్సు. డాక్టరు రావాలంటే పడవ ఎక్కాలి, సముద్రం అల్లకల్లోలంగా ఉందని పడవలు ఆపేశారు. టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఆమె ఫ్రిజ్‌లో వేడి రోజురోజుకూ పెరిగి ఎనిమిది దగ్గరికి వచ్చేసింది.

"ఇయ్యాల్నో రేపో కాన్పయ్యే ఆమె ఉన్నదన్న. ఆమెకు హెపటైటిస్ బి ఉంది. పుట్టంగనే సూది పడకపోతే బిడ్డకు గూడ అంటుకుంటదేమో. ఈ మందు ఖరాబైతే ఇంకోటి లేదు."

అది సోలార్ డైరెక్ట్ డ్రైవ్ రకం ఫ్రిజ్. బ్యాటరీ ఉండదు. పగలు ఎండతో నడిచి గోడల్లోని నీటిని మంచుగా గట్టిపరుస్తుంది, రాత్రంతా ఆ మంచే టీకాలను కాపాడుతుంది. మంచు కట్టడం లేదంటే సోలార్ ప్యానెళ్ల నుంచి కరెంటు సరిగా రావడం లేదన్నమాట. వైర్లు చూపించమన్నాను, బాగున్నాయి. స్విచ్చులూ బాగున్నాయి.

"ప్యానెళ్లు తుడుస్తున్నవా లేదా?" విసుక్కున్నాను.

"రోజూ తుడుస్తున్నన్న. అద్దం లెక్క ఉన్నయి." సాయంత్రం డ్యూటీ దిగాక ఫొటో కూడా పంపింది. నిజంగానే తళతళలాడుతున్నాయి. ఇక కరెంటును అదుపు చేసే కంట్రోలర్ పోయిందనుకున్నాను. కొత్తది పంపాలంటే పడవ కావాలి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేనే ఫోన్ చేశాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె ఉన్నట్టుండి కేకేసింది. "హుష్! మీ నోట్లె మన్నువడ! హుష్!"

"ఎవర్ని తిడుతున్నవ్?"

"కాకులన్న. ఒరుగుల మీద వాలుతున్నయి."

పచ్చిమామిడి ముక్కలు ఉప్పు, పసుపు కలిపి మా ఇళ్లలో ఎండాకాలం ఆరబెడతాం, ఆ ఒరుగులు.

"ఎక్కడ ఆరబోసినవ్ చెల్లె?"

"ప్యానెళ్ల మీద."

భూమధ్యరేఖ దగ్గర ప్యానెళ్లను దాదాపు చాప పరిచినట్టే పెడతారు. ఆమె ప్యానెళ్లు దవాఖాన వెనక, చేతికందే ఎత్తులో ఉన్నాయి. ఇసుక అంటదు, కోళ్లు ఎక్కవు. ఆరబోసుకోవడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

"పొద్దుగూకంగనే ఎత్తి తుడుస్తున్న గదన్న. వేడి తగులుతనే ఉంది గద దానికి?"

"వేడి గాదు తల్లీ, ఎలుగు! దానికి ఎలుగు గావాలె!" అని అరిచాను. ఒక్క మూల వెలుగు పడకపోయినా వరుస మొత్తానికి కరెంటు పడిపోతుంది. ఆమె సగానికి సగం కప్పేసింది.

పరిచిన బట్టతో సహా ఒరుగులన్నీ లాగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత మందు సీసా కెమెరా ముందు పెట్టమన్నాను. సీసా మీద ఒక గుండ్రటి గుర్తు, దాని నడుమ తెల్లటి చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతుంది. గుండ్రంతో కలిసిపోయిందా, మందు పారేయాల్సిందే.

"జర దగ్గరికి పెట్టు. కదలనియ్యకు."

"భయమైతుందన్న."

చదరం ఇంకా తెల్లగానే ఉంది. సీసాను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేసింది. మర్నాటికి ఫ్రిజ్ దారిలో పడింది. ఆ తర్వాత ఆ గర్భిణికి ఆడపిల్ల పుట్టింది.

"సూది ఇచ్చిననన్న. దీవంత వినవడేటట్టు ఏడ్సింది పిల్ల!" అంది నవ్వుతూ.

"అవునుగానీ, గన్ని ఒరుగులు ఎవరికోసం?"

"ఎవరికి లేదన్న. నేనైతే పులుపు తిననే తినను. ఎండకాలమొస్తె ఇంటికాడ అందరం కూసొని కోస్తం గద. ఈడ చేతులు ఊకుంట లేవు."

వైర్ల గురించి, స్విచ్చుల గురించి అన్నీ అడిగాను. పొద్దంతా ఏం చేస్తున్నావమ్మా అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే రోగం మొదటిరోజే దొరికేది. ఇప్పుడు ఏ దీవి నుంచి ఫోన్ వచ్చినా ముందు మనిషి బాగోగులు అడిగి, ఆ తర్వాతే మిషన్ సంగతికి వస్తాను.

ఫ్రిజ్ బాగయ్యాక ఆ కాన్పు కబురు చెప్పడమే, మళ్లీ స్వరూప నుంచి ఫోన్ రాలేదు. మా పనిలో ఫోన్ రాకపోవడమే మంచి కబురు. అయినా మధ్యాహ్నం అయితే చాలు, ఫ్రిజ్‌లోని మీటరు నా కంప్యూటర్‌కు పంపే లెక్కలో ఆమె ఫ్రిజ్ ఎన్ని డిగ్రీలుందో చూసేవాణ్ణి. ఐదు. ఎప్పుడు చూసినా ఐదే. ఆ అంకెను చూస్తూ ఒక్కణ్ణే అన్నం తినేవాణ్ణి. ఒకరోజు ఇక ఉండబట్టలేక నేనే చేశాను.

"ఏమైందన్న? ఫ్రిజ్ మంచిగనే ఉంది గద?" అంది కంగారుగా.

"మంచిగనే ఉంది. ఒరుగులు ఇప్పుడు ఏడ ఆరబోస్తున్నవ్ చెల్లె?"

అటువైపు సముద్రం హోరులో ఆమె నవ్వు వినిపించింది.

"జర ఆగన్న," అంది. "కుర్సీ తెచ్చుకొని కూసుంట."