ఇంకొక్క వారం

నలుగురూ కలిసి ఉచితంగా రాసే ఒక సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ ఏ రోజు వదలాలో తేల్చేది ఆయనే కనక, అందరికీ ఆయన తేదీల బాబాయ్. ఆయన గడువు పెట్టడం, ఆఖరి పూట "బాబాయ్, ఇంకొక్క వారం!" అంటూ అందరూ మీద పడటం మామూలే. జీతం లేని పనికి ఎవరిమీదని అరుస్తాడు? కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో అద్దాలు అరిగేలా తుడిచి, ఒప్పుకుంటాడు. ఈసారి మాత్రం ఒళ్లు మండి, అందినంత పనితోనే, చెప్పిన రోజే వదిలేశాడు. "తిక్క కుదిరింది వెధవలకి!" అన్నాడు భార్యతో. ఆవిడ కొత్త వెర్షన్ తెరిచి చూసి, "ఏవండీ, ఫైలు సేవ్ చేయబోతే ఆగిపోయే జబ్బు అలాగే ఉందే? ఎవరు బాగుచేస్తామన్నారు?" అంది. బాబాయ్ మెల్లగా కళ్లజోడు తీశాడు. ఆ పని తన వంతే. ఎలాగూ గడువు ఇంకో వారం జరుగుతుంది కదా అని తనే పక్కన పెట్టాడు.