చైత్ర చదివి వినిపించిన ఒప్పందం

మా పక్కింటి యశోదమ్మ కోడలు చైత్ర మా ఊరు మంగళవాడకు వచ్చి ఆరేళ్లయింది. వచ్చిన కొత్తలో ఊరంతా ఒకటే మాట: పిల్ల రోజంతా ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంటుంది, పేడ కూడా ఎత్తదు అని. నేనూ అన్నాను. అనలేదని అబద్ధం చెప్పను. ఒకనాడు తెల్లారి చూస్తే పేడ ఎత్తి, కసువు ఊడ్చి, తల దువ్వుకుని, ఎనిమిదింటికల్లా బెంగళూరు వాళ్లతో ఇంగ్లీషులో పోట్లాడుతోంది. ఆ రోజు నుంచి నేను ఆ మాట మానేశాను. అత్త ఇంకా మానలేదు.

చైత్ర పుట్టిల్లు పావగడ. నాన్న మంజునాథ్‌కు తాలూకాఫీసు ఎదురుగా జెరాక్స్ అంగడి. బడి వదలగానే పిల్ల అక్కడే కూర్చునేది. భూమి పహణీకి, పింఛనుకు వచ్చినవాళ్లు చేతిలో కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తుంటే అడగకముందే లాక్కుని చదివి చెప్పేది. "జెరాక్స్‌కు వచ్చినోళ్లకు పురాణం చెప్తావేంది?" అని తండ్రి గసిరేవాడట. చెప్పడం మాత్రం ఆపలేదు.

ఇప్పుడు ఆమె ఉద్యోగం ఏమిటో నాకు అర్థమైనంత రాస్తాను. వేరేవాళ్లు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను ఈమె మూట కట్టి పంపుతుంది. ఆ మూటను డిస్క్ ఇమేజ్ అంటారు. అవతలివాళ్లు మూట విప్పబోతే ముందు ఒక ఒప్పంద పత్రం కనిపిస్తుంది. కింద రెండు బటన్లు. ఒప్పుకుంటాను అని నొక్కితే మూట విచ్చుకుంటుంది. ఒప్పుకోను అని నొక్కితే మూసుకుంటుంది, ఎవరూ ఏమీ అనరు.

కంపెనీ పని కాక ఆమె సొంతంగా ఇంకొకటి చేసింది. మా ఊరు కౌలుకిచ్చిన భూముల్లో వేసిన సోలార్ పలకల కింద ఎవరి చేను ఎక్కడుండేదో చూపించే పటం. గుండ్లచేను, వంకచేను, దొడ్డిచేను అని మేము పిలుచుకున్న పేర్లన్నీ అందులో ఉన్నాయి. చేను మీద నొక్కితే ఆ ఇంటి పెద్దల గొంతు వినిపిస్తుంది: ఇక్కడ వేరుశనగ బాగా కాసేది, ఇక్కడ ఉలవలు, ఇక్కడ రాళ్లు తప్ప ఏమీ కాయలేదు అని. బెంగళూరులో పనిచేసే మా ఊరి పిల్లలు అది తమ కంప్యూటర్లలో కావాలని అడిగారు.

మూటకు ఒప్పంద పత్రం పెట్టాలి కదా. ఇంగ్లీషులో రెడీమేడ్ పత్రం దొరుకుతుందట, దాన్నే అందరూ అతికిస్తారట. చైత్ర ఒప్పుకోలేదు. "అది ఎవురో ఎవురికో రాసింది. చేన్లు మనవి, గొంతులు మనవి. కాగితం కూడా మనదే ఉండాల" అంది. కన్నడలో, తెలుగులో తానే రాసింది. మొదటిసారి మూటకు తగిలించినప్పుడు తెలుగు అక్షరాల బదులు గళ్లు గళ్లుగా వచ్చాయట. మూడు రోజులు దాంతో కుస్తీపట్టి సరిచేసింది. తర్వాత కంప్యూటర్ చంకన పెట్టుకుని, చేను ఇచ్చిన ప్రతి ఇంటికీ పోయి, ఈ పత్రం సరేనా అని అడగడం మొదలుపెట్టింది.

మా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. యశోదమ్మ, నేను చేటలు ముందేసుకుని విత్తనానికి వేరుశనగ కాయ ఒలుస్తున్నాం. చైత్ర కంప్యూటర్ నా ముందు పెట్టి, "అవ్వా, నీకు సదువొస్తాది కదా, నువ్వే చూసుకో" అంది.

"అక్కకు చెప్పేదేముండాది?" అంది యశోదమ్మ. "సంతకాల మనిషి."

తెర మీద సన్నటి అక్షరాలు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవగలను. ఆ పత్రం పూర్తయ్యేసరికి పొద్దు గూకుతుంది. సరే అని తల ఊపితే పని అయిపోతుంది. తొమ్మిదేళ్ల కిందట సరిగ్గా అదే చేశాను.

అప్పుడు సోలార్‌కు భూములు కౌలుకు రాసిచ్చే రోజులు. బడి ముంగట రెండు వరుసలు పెట్టారు, వేలిముద్రల వాళ్లకొకటి, సంతకాల వాళ్లకొకటి. మా ఊరు కర్ణాటక, నా పుట్టిల్లు ఆంధ్రాలో మడకశిర దిక్కు. అక్కడ మూడో తరగతి దాకా తెలుగు బడికి పోయాను. ఇక్కడ మా వీధిలో సంతకం వచ్చిన ఆడది నేనొక్కదాన్నే. కొంగు సర్దుకుని సంతకాల వరుసలో నిలబడ్డాను. కాగితం కన్నడలో ఉంది. నాకు చదవడం రాదని చెప్పలేదు. కింద తెలుగులో గుండ్రంగా నా పేరు రాసి ఇంటికి వచ్చేశాను.

వేలిముద్రల వాళ్లకు మాత్రం మొత్తం చదివి వినిపించారు. చేలో సమాధి ఉంటే ఇప్పుడే చెప్పండి, ఆ జాగా కంచె బయట వదులుతాం అనే మాట అందులో ఉంది. ఆ వరుసలో ఉన్న పుట్టమ్మ విని, వాళ్ల మామ సమాధి సంగతి చెప్పింది. ఈనాటికీ పోయి దీపం పెట్టి వస్తుంది. మా ఆయనది మా చేలోనే. బండరాయి నాటి ఉండేది, అంతే.

"నన్ను ఈడనే పెట్టండప్పా, ఇది కలుపు సరిగ్గా తీస్తాదో లేదో చూస్తా ఉంటాను" అని పోయేముందు ఆయనే అన్నాడు. నాలుగేళ్లు ఆ బండ చుట్టూ కలుపు తీస్తూ ఆయనను తిట్టాను. బతికున్నప్పుడు కూడా అంత తీరుబడిగా తిట్టలేదు. తర్వాత మిషన్లు వచ్చి నేల చదును చేశాయి. ఎందుకు చెప్పలేదని ఊరు అడిగితే, "మట్టి మట్టిలో కలిసింది, నేనే ఒదిలేసినా" అన్నాను. చదవకుండా సంతకం పెట్టానని ఎలా చెప్పేది? ఇప్పుడు తిట్టడానికి నాకు చోటు లేదు.

చైత్ర ఎదురుచూస్తోంది.

"సదివి వినిపించు పాపా" అన్నాను.

యశోదమ్మ కాయలు ఒలిచేది ఆపింది. "ఏందక్కా, కండ్లద్దాలు పోయినాయా?"

"అద్దాలుండాయి. నాకు వినాలనుండాది. నువ్వు కాయ ఒలుచు."

చైత్ర చదివింది. ఈ పటం చూపించి ఎవరూ భూమి అమ్మరాదు, కొనరాదు, గట్టు తగాదా తేరాదు. గొంతు ఎవరిదో వాళ్ల పేరుతోనే వినిపించాలి. చేను గలవారు తీసేయమంటే తీసేయాలి, ఏదైనా చేర్చమంటే చేర్చాలి.

"ఆ కడపటిది మళ్లీ సదువు."

మళ్లీ చదివింది.

"అట్లయితే చేర్చు. బావి గడ్డ నుంచి తూర్పుకు నలభై అడుగులు. ఆడ మా ఆయన ఉండాడు."

యశోదమ్మ నా ముఖంలోకి చూసింది. "నువ్వే ఒదిలేసినానంటివి గదక్కా?"

"అంటిని. ఆ కాగితం నేను సదవలేదే యశోదా. నాకు కన్నడం సదవను రాదు."

ఊరి మీద ఇంత నోరున్న యశోదమ్మ నా చేట తన వైపు లాక్కుని నా కాయలు కూడా ఒలవసాగింది. దానికంటే తిట్టినా బాగుండేది.

గుర్తు పెట్టడానికి పేరు కావాలని చైత్ర అడిగింది. మొగుడి పేరు నోటితో ఎప్పుడు చెప్పాను గనుక. బొగ్గు తీసుకుని అరుగు బండ మీద నారప్ప అని రాశాను. ఆ మూడు అక్షరాలకు నేను ఎవరి సాయమూ అడగలేదు. తెరలో నీలం పలకల నడుమ ఒక చుక్క పడింది, పక్కన ఆయన పేరు.

"ఒప్పందంలో ఇంకొకటి రాయి" అన్నాను. "సంతకం వచ్చినోళ్లకు కూడా సదివి వినిపించాలని."

"కంప్యూటర్ ముందర ఒక్కరే కూచుంటారవ్వా. ఎవురికి వినిపిస్తారు?"

"వాళ్లకు వాళ్లే వినిపించుకోమను. నోరుండాది కదా."

నవ్వింది గానీ రాసింది. రాశాక అక్కడికక్కడే నాకు చదివి వినిపించింది. ఒప్పుకుంటాను అనే బటన్ నా వేలితోనే నొక్కించింది.

ఆ చుక్కను చాలాసేపు చూశాను. "రోడ్డు నుంచి ఈడికి దారి గీయి పాపా" అన్నాను.

"దారి లేదవ్వా, కంచె ఉండాది. కౌలు తీరేదానికి ఇంకా పంతొమ్మిదేండ్లు."

నాకు డెబ్బై నాలుగు. ఆ లెక్క ఆమెకూ తెలుసు.

"గీయి" అన్నాను. "బావి పక్క నుంచి గీయి. ఆ దిక్కు ముండ్లు తక్కువ."